మామ్మ పసుపు కొట్టే నాటికి

అక్టోబరు 9

డైరీ రాసే అలవాటు నాకు లేదు. ముప్పై ఏళ్ళుగా స్కూల్లో సోషల్ చెబుతున్నాను, పిల్లల చేత పానిపట్టు యుద్ధాల తేదీలు బట్టీ పట్టిస్తున్నాను, నా రోజులు మాత్రం ఎన్నడూ రాసుకోలేదు. మా ఆయన గోపీనాథ్‌గారు ఉన్నన్నాళ్ళూ అన్నం దగ్గర అన్నీ ఆయనకి చెప్పేసేదాన్ని. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది. మా అమ్మాయి శ్రావ్య ఉద్యోగం విశాఖపట్నంలో. ఇంట్లో మామ్మ, నేను. మామ్మకి సగం వినపడదు. తను వినాలనుకున్నది మాత్రం వీధి చివర గొణిగినా వినపడుతుంది. అందుకని ఈ పుస్తకం మొదలుపెట్టాను.

ముందు సంతోషం రాస్తాను. రాయి ఖాయమైంది. రెండో ప్రపంచ యుద్ధానికి మా ఊరి నుంచి వెళ్ళి తిరిగి రానివాళ్ళ పేర్లతో బస్టాండు పక్కన నల్లరాయి. నాలుగేళ్ళుగా పోరుతున్నాను దీని కోసం. మా పక్క టౌను గూడెంలో యుద్ధకాలం నాటి రన్‌వే ఉంది. అది ఎందుకు వేశారర్రా అని తొమ్మిదో తరగతిలో అడిగితే, కారు నేర్చుకోవడానికి టీచర్ అన్నాడొకడు. వాడి తప్పు కాదు. వాళ్ళ నాన్న అక్కడే నేర్చుకున్నాడట.

రాయి కమిటీ ప్రెసిడెంటు అచ్యుతరావుగారు, మాజీ సర్పంచి, మంచి ఊపు మీద ఉన్నారు. డిసెంబరు 7, సైనిక పతాక దినోత్సవం నాడు ఆవిష్కరణ. ఇవాళ మీటింగులో పేర్లు నన్నే చదవమన్నారు. మొదటి పేరు నరసింహమూర్తిగారిది. మా మామ్మ భర్త. మా మావగారికి పెదనాన్న. పెళ్ళయిన ఏడాదికే, పద్నాలుగేళ్ళ మామ్మని పుట్టింట్లో దింపి బర్మా యుద్ధానికి వెళ్ళి ఆచూకీ లేకుండా పోయిన మనిషి. అందరూ చప్పట్లు కొట్టారు. సత్యానందం మాస్టారు ఒక్కరే కొట్టలేదు. ఆయన తండ్రి జకరయ్యగారు అదే పటాలంలో వెళ్ళి తిరిగొచ్చారు. మాస్టారు టీ గ్లాసు పట్టుకుని కిటికీలోంచి బస్సుల్ని చూస్తూ కూర్చున్నారు. వాళ్ళ నాన్న పేరు రాయి మీద లేదని కాబోలు. తిరిగొచ్చినవాళ్ళ పేర్లు వేయడం లేదు కదా మరి.

డిసెంబరు 5న శ్రావ్య పెళ్ళి. రెండు రోజులకే రాయి. ఓపిక ఉందా అంటే ఉంది.

అక్టోబరు 11

పసుపు కొట్టడానికి నవంబరు 25 బాగుందన్నారు పంతులుగారు. మామ్మ అప్పుడే రోలు కడిగించమంటోంది. ఇంకా నెలన్నర ఉంది మహాతల్లీ అంటే వినపడలేదు.

అక్టోబరు 16

రాయితో పాటు ఒక చిన్న పుస్తకం కూడా వేస్తున్నాం, 'యుద్ధకాలంలో మన ఊరు' అని. అందులో మామ్మ మీద వ్యాసం ఇవాళ పూర్తిచేశాను. పేరు 'ఎనభై ఏళ్ళ నిరీక్షణ'. మొదటి వాక్యం: 'పంతొమ్మిది వందల నలభై నాలుగులో గుమ్మంలో నిలబడి భర్తను సాగనంపిన ఆ బాలిక నేటికీ గుమ్మంలోనే నిలబడి ఉన్నది.' అచ్యుతరావుగారు ఫోన్లో చదివించుకుని గొంతు సవరించుకున్నారు. ఆయనకి కళ్ళు చెమర్చాయని నాకు అర్థమైంది.

నిజానికి మామ్మ గుమ్మంలో నిలబడగా నేనెన్నడూ చూడలేదు. తీరికేదీ ఆవిడకి? ఈ ఊళ్ళో పెళ్ళంటే పంతులుగారి కంటే ముందు మామ్మకి కబురొస్తుంది. పసుపు కొట్టే రోజున అయిదుగురు ముత్తయిదువలు కూర్చున్నా మొదటి పోటు మామ్మదే. వెంకటనరసమ్మగారు రోకలెత్తితే ఆ కాపురం పచ్చగా ఉంటుందని పేరు. నా పెళ్ళికీ తనే కొట్టింది. ఆయన పోయిన కొత్తలో ఒకరోజు కోపం పట్టలేక అదే అన్నాను. మామ్మ నా వంక చూసి, "ఇన్నేళ్ళు బాగానే ఉన్నారు కదే. రోకలి గ్యారంటీ కాగితం ఇచ్చిందా ఏమిటి?" అంది. ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది నాకు.

మనిషి పోవడం ఎవరూ చూడకపోతే, పన్నెండేళ్ళు ఆగి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపిస్తారు. ఆ రోజుతో భార్యకి బొట్టూ గాజులూ ఆఖరు. అప్పట్లో మా పెద్దవాళ్ళు ఆ ఏర్పాటు చేయబోతే మామ్మ కూర్చోనందట. "పోయినట్టు చూసినవాణ్ణి తీసుకురండి, అప్పుడు చేయిద్దురుగాని" అందట. జకరయ్యగారిని పిలిపించి అడిగారట. నేను చూడలేదండి అన్నారట ఆయన. దాంతో బొట్టు నిలిచింది. ఇదంతా వ్యాసంలో రాశాను. చాలా బాగా వచ్చింది.

అక్టోబరు 19

నల్లజర్ల నుంచి వీరవేణి వదిన ఫోన్. గోపీనాథ్‌గారి అక్క. ఆవిడ ఎప్పుడు ఫోన్ చేసినా ముందు ఆరోగ్యం అడిగి, తర్వాత వాత పెడుతుంది.

"ఆ రాయి మీద చనిపోయినవాళ్ళలో పెదతాతగారి పేరు వేయిస్తున్నావంట కదా భవానీ. మంచిదేలే. మరి మామ్మ చేత పసుపెలా కొట్టిస్తావమ్మా?"

కుక్కర్ కూతలు వేస్తోంది, కట్టాలని కూడా తోచలేదు.

నాకు తట్టలేదు. దేవుడి మీద ఒట్టు, నిజంగా తట్టలేదు. నాలుగేళ్ళు ఆ పేరు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. చనిపోయినవాళ్ళ వరసలో ఆయన పేరు చెక్కితే, ఈ ఊరి లెక్కలో మామ్మ ఆ రోజే విధవ అవుతుందన్న మాట ఒక్కసారి కూడా నా బుర్రకి రాలేదు. పైగా ఆవిష్కరణ నాడు వీరపత్ని అని శాలువా కప్పాలనుకున్నాం. ముత్తయిదువలా కప్పించుకోవాలో, విధవరాలిలా కప్పించుకోవాలో ఎవరూ అడగలేదు.

అక్టోబరు 20

నా సంగతి వేరు. నేను నమ్మి బొట్టు తీసినదాన్ని కాదు. నలుగురి నోళ్ళకి భయపడి తీసినదాన్నీ కాదు. అలవాటు తప్పింది, అంతే. స్కూల్లో ఎవరూ ఏమీ అనరు. పేరంటాలకి పిలవరు, నాకెలాగూ తీరిక ఉండదు. నాకేమీ బాధ లేదు.

మామ్మకి తొంభై అయిదేళ్ళు. ఆవిడకి ఆ ఒక్క పెత్తనమే మిగిలింది. దాన్ని నా చేత్తో నేను తీసేయకూడదు.

అక్టోబరు 23

పొద్దున్న మామ్మ దగ్గర కూర్చున్నాను, ఊరికే కూర్చున్నట్టు. నుదుట వేలితో మైనం రాసుకుంటోంది, దాని మీద కుంకుమ అద్దుకోవడానికి. చెయ్యి వణుకుతుంది గాని బొట్టు వంకర పోదు. అద్దం కూడా అక్కర్లేదు.

తాతగారు ఎలా ఉండేవారు మామ్మా అని అడిగాను. ఎవరూ అంది. మీ ఆయన అన్నాను. పొడుగ్గా ఉండేవాడు, వంగకపోతే గుమ్మం తగిలేది అంది. ఇంకా అన్నాను. చాలాసేపు ఆలోచించింది. "చిక్కుడుకాయ తినేవాడు కాదు" అంది.

ఆయన పేరు ఎక్కడైనా రాయిస్తే నీకు ఇష్టమేనా అని అడగబోయాను. పాలవాడొచ్చాడు. అడగలేదు.

అక్టోబరు 28

అడగలేదు.

నవంబరు 2

సమాధుల పండుగ. సత్యానందం మాస్టారి భార్య పుష్పలతగారు ప్రతి ఏడూ పిలుస్తారు, ఈసారి వెళ్ళాను. ఆవిడా నేనూ పదేళ్ళు ఒకే స్కూల్లో చేశాం. సమాధులన్నిటికీ సున్నాలు కొట్టారు, బంతిపూలు పరిచారు, చీకటి పడేసరికి ఎటు చూసినా కొవ్వొత్తులే. పిల్లలు కారిన మైనం ఉండలు చేసి ఆడుకుంటున్నారు. పెద్దవాళ్ళు కుర్చీలు వేసుకుని కబుర్లాడుకుంటున్నారు. దిగులనిపించలేదు నాకు. ఎవరూ నన్ను పక్కకి జరగమనలేదు కూడా.

జకరయ్యగారి సమాధి మీద వరసగా కొవ్వొత్తులున్నాయి. కొంచెం ఎడంగా, మట్టి మీద, విడిగా ఒకటి. అది ఎవరిది మాస్టారూ అన్నాను. మా నాన్న పెట్టేవారండి, అందుకని మేమూ పెడతాం అన్నారు. అంతకంటే ఏమీ చెప్పలేదు. పుష్పలతగారు ఆయన వంక చూసి, నాకు బూందీ పొట్లం ఇచ్చారు.

నవంబరు 9

రాయి వచ్చేసింది. ఆశపడి చూడవలసిన రోజు, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. రాళ్ళు చెక్కే అబ్బులు చక్కగా చెక్కాడు. మొదటి పేరు అందరి కంటే బాగా కుదిరింది. ఈ ఒక్క పేరూ తీసేయడానికి వీలవుతుందా బాబూ అన్నాను. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తీయడమేంటండీ, గ్రానైటండీ ఇది, తీస్తే గుంట పడుద్ది, లేదంటే రాయంతా అరగదీసి అన్ని పేర్లూ మళ్ళీ చెక్కాలండి అన్నాడు.

అక్కణ్ణుంచి అచ్యుతరావుగారింటికి వెళ్ళాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. ఆయన మర్యాదే నాకు మండుతుంది. "ఏవండీ టీచరుగారూ, పేరిచ్చింది మీరే కదండీ" అన్నారు. అవును, నేనే. పేరు తీస్తే ఆయన దేశం కోసం పోలేదన్నట్టు అవుతుంది, అది ఆయనకి అన్యాయం కాదా అని కూడా అన్నారు. అందులోనూ తప్పు పట్టడానికి లేదు. పేరుంటే మామ్మకి అన్యాయం, తీస్తే ఆయనకి అన్యాయం. రెండూ నా చేతి మీదుగానే.

ఏమీ తినాలనిపించక పెరుగన్నం కలుపుకున్నాను. మామ్మ వచ్చి ఆవకాయ వేసి వెళ్ళింది.

నవంబరు 15

కరపత్రాలు పంచేశారు. గులాబీ రంగు కాగితం, పైన జెండా, 'అమరవీరుల నామావళి' అని పెద్ద అక్షరాలు. ఊరంతా, ఉంగుటూరు దాకా, ఆటోల వెనక కూడా అంటించారు.

సాయంత్రం కలిదిండి నుంచి శ్రావ్యకి కాబోయే అత్తగారు ఫోన్ చేశారు. చేపల చెరువులున్న కుటుంబం, మంచివాళ్ళు. పెళ్ళికొడుకు సూర్యతేజ కూడా నెమ్మదస్తుడు. ఆవిడ ఎంత మెత్తగా మాట్లాడతారో.

"ఏమీ అనుకోకండి వదినగారూ. మేమైతే ఇవేమీ పట్టించుకోమండి. మా అత్తగారే కాస్త పాతకాలం మనిషి. పసుపు వేరే ఎవరి చేతైనా మొదలుపెట్టిస్తే బాగుంటుందేమోనండి."

అలాగేనండి అన్నాను. ఏమంటాను? నాకు మాత్రం తెలీదా ఈ మెత్తదనం? రెండేళ్ళుగా నాతో అందరూ ఇంత మెత్తగానే మాట్లాడుతున్నారు.

నవంబరు 16

శ్రావ్యకి చెప్పాను, మామ్మ బదులు వీరవేణి అత్తయ్య మొదలుపెడుతుందని. "మరి నువ్వో? నువ్వెక్కడుంటావమ్మా ఆ టైముకి?" అంది. వంటింట్లో బోలెడు పనుంటుందే అన్నాను. ఫోన్ పెట్టేసింది.

నవంబరు 17

రేపు మామ్మకి చెప్పాలి.

నవంబరు 18

చెప్పలేదు. తలనొప్పి.

నవంబరు 19

నేను చెప్పనక్కర్లేకపోయింది. స్కూలు నుంచి వచ్చేసరికి మామ్మ మంచం మీద కూర్చుని ఆ గులాబీ కాగితం వత్తి వత్తి చదువుతోంది. మందులషాపు వాడు మాత్రలు అందులో చుట్టిచ్చాడట. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది గాని వదిలిపెట్టదు.

అక్కడే కింద కూర్చుని మొత్తం చెప్పాను. నేను పేరిచ్చిన సంగతి, తీయించబోయిన సంగతి, వదిన, కలిదిండి వాళ్ళు, అన్నీ. తప్పయిపోయింది మామ్మా అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కాగితం మడిచి, "మొదటి పేరే వేశావే" అంది. తర్వాత, "రేపు ఆటో పిలువు. చూసొద్దాం" అంది.

నవంబరు 20

ఇవాళ్టిది జాగ్రత్తగా రాయాలి. ఒక్క ముక్క కూడా కల్పించకుండా.

స్కూలుకి సెలవు పెట్టాను. మామ్మ జరీ అంచు చీర కట్టుకుంది. సత్యానందం మాస్టారిని కూడా రమ్మనమంది, ఎందుకో చెప్పలేదు. మేం వెళ్ళేసరికి ఆయన బస్టాండులో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. రాయికి గోనెగుడ్డలు కప్పి ఉన్నాయి, ఆయనే తొలగించారు.

మామ్మ రాయికి బాగా దగ్గరగా వెళ్ళి, చూపుడువేలు పెట్టి అక్షరాల వెంబడి రాస్తున్నట్టు పోనిచ్చింది. ఏడుస్తుందని నేను పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ ఏడవలేదు. వేలు అక్కడే ఉంచి, "సత్యానందం, ఎక్కడ పూడ్చానన్నాడయ్యా మీ నాన్న?" అంది.

మాస్టారు నా వంక చూశారు. ఆవిడ వంక చూశారు. మీ కోడలున్నారండి అన్నట్టు కళ్ళతో చెప్పారు.

"పరవాలేదు, చెప్పు."

"ఏటి ఒడ్డునన్నారండి అమ్మగారూ. వెదురుపొద పక్కని. వాన పడతా ఉందంట. ఆయనొక్కరే తవ్వారంట."

బస్టాండులో అరుగు మీద కూలబడ్డాను. మామ్మ కూడా వచ్చి నా పక్కన కూర్చుంది. గూడెం బస్సు వచ్చి వెళ్ళిపోయింది. అప్పుడు చెప్పింది.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు జకరయ్యగారు తిరిగొచ్చారు. అప్పటికి మామ్మ ఈ ఇంట్లోనే, అత్తగారి దగ్గర ఉంటోంది. పదహారేళ్ళు. కాలవ రేవులో గుడ్డలు ఉతుకుతుంటే ఆయన గట్టు మీదికి వచ్చి, ఎడంగా నిలబడి, టోపీ తీసి చెప్పారట. నరసింహమూర్తి పోయాడు, నా చేతుల్లోనే పోయాడు, నేనే పూడ్చాను అని. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళకి చెబుతానండి అన్నారట.

ఆ రోజుల్లో మా ఇంట్లో మామ్మ అత్తగారి చెల్లెలు ఒకావిడ ఉండేదట. చిన్నతనంలోనే భర్త పోయి అక్క పంచన చేరింది. తెల్లచీర. పొద్దున్నే ఎవరికీ ఎదురుపడకూడదని పెరటి గుమ్మంలోంచే తిరిగేది. ఇంట్లో శుభకార్యం వస్తే గొడ్లసావిట్లో కూర్చునేది, అక్కడికే విస్తరి పంపేవారు. మామ్మే తీసుకెళ్ళి పెట్టేదట.

"అందుకని జకరయ్యకి దణ్ణం పెట్టాను. నువ్వు చూడలేదని చెప్పు బాబూ అన్నాను. అంతే."

పన్నెండేళ్ళ తర్వాత దర్భల మాట వచ్చినప్పుడు జకరయ్యగారు ఆ మాటే చెప్పారు. మాస్టారు గొడుగు కొనతో నేల మీద గీస్తూ, "మా నాన్న ఆడిన అబద్ధం అదొక్కటేనండి. పోయేముందు నాతో చెప్పి, అమ్మగారు చెప్పమనేదాకా నువ్వూ అదే ఆడు అన్నారు" అన్నారు. ఆ విడిగా వెలిగించిన కొవ్వొత్తి ఎవరిదో ఇంకా అడగాలా నేను?

"మరి ఇన్నేళ్ళూ ఎదురుచూశావని ఊరంతా..." అన్నాను. వ్యాసం అచ్చుకి వెళ్ళిపోతోంది.

"ఎవరి కోసమే ఎదురుచూడటం? పోయినవాడి కోసమా?" అంది మామ్మ. "మీరనుకున్నారు. అనుకోనిచ్చాను. నేనేమీ ఎదురుచూడలేదు, బతికాను."

దుఃఖం రాలేదా మామ్మా అని అడిగాను.

"రాకేం. నాకు గాజులు తెస్తానన్నాడే రంగూన్నుంచి. కానీ ఇంట్లో ఏడవడానికి లేదు. ఏడిస్తే తెలిసిపోదూ?"

అప్పుడు నా భయం కూడా చెప్పేశాను. ఊళ్ళో ఇన్ని పెళ్ళిళ్ళకి పసుపు కొట్టావు, ఇప్పుడు తెలిస్తే ఆ ఆడవాళ్ళంతా ఏమనుకుంటారు అని. కొన్ని కాపురాలు బాగున్నాయి, కొన్ని లేవు, నేను చెప్పినా చెప్పకపోయినా అవి అలాగే ఉంటాయి అంది. పేరు తీయించొద్దంది. "ఆయన పేరు ఇక్కడుంటుంది. నా బొట్టు నా మొహాన ఉంటుంది. దానికీ దీనికీ ఏమిటే?"

ఆటో ఎక్కేముందు మాస్టారు మళ్ళీ గోనెగుడ్డ కప్పబోతే, వద్దు, గాలి తగలనియ్యి అంది.

నవంబరు 21

వ్యాసం వెనక్కి తీసేసుకున్నాను. అచ్యుతరావుగారు లబలబలాడారు. పుస్తకంలో ఆ రెండు పేజీలూ ఖాళీగా పోతే పోనివ్వండి అన్నాను.

గుమ్మంలో నిలబడిన బాలికట. సిగ్గేసింది చదువుకుంటే. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్నాను, ఒక్కనాడైనా ఆవిడని అడిగిన పాపాన పోలేదు.

నవంబరు 23

శ్రావ్య వచ్చింది. మామ్మా అదీ తలుపేసుకుని ఏమిటో మాట్లాడుకున్నారు. నన్ను రానివ్వలేదు. చెవిటి ముసలమ్మతో రహస్యాలు, వీధిలోకి వినపడుతున్నాయి, అయినా నేను వినలేదు. కొత్త చీరలకి ఫాల్స్ కుట్టుకుంటూ కూర్చున్నాను.

నవంబరు 25

అయిపోయింది. చేతులు నొప్పిగా ఉన్నాయి.

పొద్దున్న తొమ్మిదింటికల్లా ఆడవాళ్ళు వచ్చేశారు. రోలుకి పసుపు రాసి, తోరం కట్టి, హాలు మధ్యలో పెట్టారు. వీరవేణి వదిన పట్టుచీరలో వచ్చి రోలు ముందు పీట మీద కూర్చుంది, మొదటి పోటు తనదేనని. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. వీధివైపు కిటికీలోంచి పుష్పలతగారు రావడం కనిపించింది. నేను పిలవలేదు. శ్రావ్య పిలిచిందట.

అప్పుడు మామ్మ గదిలోంచి వచ్చింది. జరీ అంచు చీర, రూపాయి కాసంత బొట్టు. గోడ పట్టుకుని నిలబడి, ఎవరినీ ఉద్దేశించకుండా చెప్పింది.

"నా మొగుడు యుద్ధంలోనే పోయాడు. నాకు పదహారో ఏటినుంచీ తెలుసు. మీ అందరి పెళ్ళిళ్ళకీ తెలిసే పసుపు కొట్టాను. ఎవరికైనా అందుకని మొగుణ్ణి తిరిగిచ్చేయాలని ఉంటే ఇప్పుడే చెప్పండమ్మా, రాసుకుంటాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. పక్కింటి కొత్తకోడలు కిసుక్కున నవ్వింది. తర్వాత ఇంకెవరో. వెనక వరసలో ఒకావిడ, మా ఆయన్ని రాసుకోండి మామ్మగారూ, ఎదురు డబ్బులిస్తాను అంది. కొందరు నవ్వలేదు. ఇద్దరు లేచి చెంగులు సర్దుకుని వెళ్ళిపోయారు. వదిన మొహం మాడిపోయింది. పీట మీంచి లేచి వెళ్ళి వరండాలో కూర్చుంది. వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళలేదు.

మామ్మ ఆ పీట మీద కూర్చుంది. ఒక రోకలి పట్టుకుని, రెండోది ఎత్తి చూపించి, "భవానీ" అని పిలిచింది.

పాలు పొయ్యి మీద ఉన్నాయి మామ్మా అన్నాను. నిజంగానే ఉన్నాయి. శ్రావ్య వచ్చి పొయ్యి కట్టేసింది. నా చేతిలో గరిటె తీసుకుని గట్టు మీద పెట్టింది.

హాల్లోకి వెళ్ళాను. అందరూ నా నుదుటి వంక చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. రోకలి పట్టుకున్నాను. పుష్పలతగారు చెప్పులు విడిచి వచ్చి నా పక్కన చేరి అదే రోకలి మీద చెయ్యి వేశారు. "నాకెలాగూ పుట్టినప్పట్నుంచీ బొట్టు లేదు కదండీ. ప్రభువేమీ అనుకోడులెండి, కొట్టండి" అన్నారు. పక్కింటి కోడలు కూడా వచ్చింది. అయిదుగురం కాలేదు. మామ్మ లెక్కపెట్టలేదు.

మొదటి పోటు మామ్మ వేసింది, రెండోది మేం వేశాం. కొమ్ములు పగిలాయి, పసుపు లేచింది. రెండేళ్ళ తర్వాత నా ఇంట్లో, నా కూతురి పెళ్ళికి, నా చేత్తో. నాకేమీ బాధ లేదు, నాకేమీ బాధ లేదు అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఉండేది. చాలా ఉండేది. ఆయన పోయినప్పుడు కూడా శ్రావ్య బెంబేలెత్తుతుందని బిగపట్టుకున్నాను. ఇప్పుడు ఆ హాల్లో, అంతమంది ముందు, గొంతులోంచి తన్నుకొచ్చేసింది. ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటున్నాను. ఛీ, పెళ్ళి పని మొదలుపెడుతూ ఇదేమిటి అనుకుంటున్నాను.

మామ్మ రోకలి ఆపకుండానే నా వైపు వంగింది. చెవిటి మనిషి, ఆవిడకి మెల్లగా మాట్లాడటం రాదనుకునేదాన్ని. నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా చెప్పింది.

"ఏడువు. పసుపు కళ్ళల్లో పడిందనుకుంటారు. నేను ఎన్ని పెళ్ళిళ్ళలో ఏడ్చాననుకున్నావు?"

తల వంచుకుని దంచుతూనే ఉన్నాను. దంచుతూ బాగా ఏడ్చాను. మామ్మ కళ్ళల్లోంచీ కారుతున్నాయి. పసుపు ఘాటుగా ఉందండీ ఈసారి అంది పక్కింటి కోడలు. అవునమ్మా అన్నాను.